దారి తప్పుతున్న 16 ఏళ్ల అబ్బాయిని దూరంగా ఎక్కడైనా పెట్టాలా, ఇంట్లోనే ఉంచి బాగుచేసుకోవచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. వరంగల్‌లో మీ అక్క కొడుకు, 16 ఏళ్లవాడు, పదో తరగతిలో రెండు సబ్జెక్టులు పోయి ఏడాదిగా ఖాళీగా ఉన్నాడు. గంజాయి అలవాటైంది. పోయిన నెల ఒక సెల్‌ఫోన్ దొంగతనం విషయంలో పోలీసులు తీసుకెళ్లి సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపించారు. బావగారు ఇల్లు వదిలేసి నాలుగేళ్లయింది. మీరు కోపంలో ఒకసారి గట్టిగా కొట్టారు కూడా, అది దాచకుండా రాశారు. ఇప్పుడు ఊరికి దూరంగా ఉన్న ఒక ప్రైవేటు సెంటర్ వాళ్లు ఆరు నెలలు ఉంచుకుని మార్చి పంపిస్తామంటున్నారు, అక్కడికి పంపాలా వద్దా అని అడుగుతున్నారు.

నా జవాబు: పంపకండి. ఇంట్లోనే ఉంచండి, ఇంటి చుట్టూ నలుగురు మనుషుల్ని, నాలుగు సర్వీసుల్ని పోగుచేయండి. డాక్టరు చూసి చేర్చాల్సిందే అంటే అది వేరే మాట, దాని గురించి కింద రాస్తాను.

నేను 19 ఏళ్లుగా హైదరాబాద్ బస్తీల్లో ఇలాంటి పిల్లలతోనే ఉన్నాను. మొదట్లో బడి మానేసినవాళ్లను వెతుక్కుంటూ ఇల్లిల్లూ తిరిగేదాన్ని, తర్వాత కౌన్సెలర్‌నయ్యాను. అప్పట్లో నన్ను అక్కా అని పిలిచిన పిల్లలు ఇప్పుడు వాళ్ల పిల్లల్ని బళ్లో చేర్పించడానికి నా దగ్గరికి వస్తున్నారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఎందుకు వద్దంటున్నానంటే, ఆరు నెలలు గోడల మధ్య గంజాయి దొరకదు కాబట్టి తాగడు, దాన్ని మానడం అనరు. ఏడో నెల మొదటి రోజు మళ్లీ అదే గల్లీ, అదే పాన్‌డబ్బా, అదే నలుగురు స్నేహితులు. వాళ్ల మధ్య నిలబడి వద్దు అనడం వాడు అక్కడే నేర్చుకోవాలి, ఎక్కడో ఊరవతల నేర్చుకుని రాలేడు.

ఈ తప్పు నేనే ఒకసారి చేశాను. చాలా ఏళ్ల కిందటి మాట. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చే 15 ఏళ్ల అబ్బాయి, ఇంట్లో సామాన్లు అమ్మేస్తున్నాడు. నాకేమీ పాలుపోక ఒక సెంటర్ పేరు చెప్పి పంపించమన్నాను. వాళ్లమ్మ పుస్తెలు తాకట్టు పెట్టి డబ్బు కట్టింది. మూడు నెలలకు వచ్చాడు. గుండు చేశారు, బాగా చిక్కిపోయాడు, భుజాలు ముందుకు వాల్చి కూర్చుంటున్నాడు, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాడు. వాడిని 25, 30 ఏళ్లవాళ్లతో ఒకే గదిలో పెట్టారట. మత్తు ఇంజెక్షన్ల సంగతి అంతకుముందు వాడికి తెలియదు, అక్కడ తెలిసింది. "అక్కా, మీరే కదా పంపింది" అన్నాడు, అంతే, ఇంకేమీ అనలేదు. వచ్చిన నాలుగో రోజుకే మళ్లీ మొదలుపెట్టాడు. నా పక్కన మళ్లీ కూర్చోవడానికి వాడికి ఏడాదిన్నర పట్టింది. ఆ పుస్తెలు విడిపించారో లేదో ఆవిడని అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

అన్ని సెంటర్లూ అలాగే ఉంటాయని అనను. కానీ మీరు తెలుసుకోవాల్సిన చట్టం ఒకటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు అలవాట్లకు సంబంధించిన చికిత్స కూడా దాని కిందికే వస్తుంది, సెంటర్‌కి రిజిస్ట్రేషన్ ఉండాలి. 18 లోపు పిల్లల్ని చేర్చుకోవడం తప్పనిసరి పరిస్థితుల్లోనే. అదీ ఒక మానసిక వైద్యుడితో పాటు ఇంకో నిపుణుడు కూడా విడివిడిగా పరీక్షించి, ఇది తప్ప దారి లేదంటేనే. పిల్లల్ని పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు. చేర్చినన్నాళ్లూ తల్లో, తండ్రో, కుటుంబం నియమించిన మనిషో వాడితోనే ఉండాలి. ఈ నాలుగూ ఆ సెంటర్ వాళ్లని ఫోన్‌లో అడగండి. "మొదటి నెల ఇంట్లోవాళ్లు కలవకూడదు, ఫోన్ కూడా ఉండదు" అన్నారంటే ఇక ఆలోచించాల్సిన పనే లేదు.

ఎప్పుడు చేర్చాలి? గంజాయి ఒక్కటే అయితే చాలామందికి అవసరం పడదు. మానిన మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం ఉంటాయి, రెండు వారాలకు చాలావరకు తగ్గుతాయి. ఆ రోజుల్లో ఇంట్లో గొడవ పెట్టుకోకుండా ఉంటే సగం పని అయినట్టే. కానీ చెవుల్లో మాటలు వినిపిస్తున్నాయన్నా, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారన్నా, చచ్చిపోతానన్నా, ఫిట్స్ వచ్చినా, ఇంజెక్షన్ల దాకా వెళ్లినా ఆలస్యం చేయకండి, మీ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక విభాగానికి తీసుకెళ్లండి. రోజూ మద్యం తాగే అలవాటు కూడా ఉంటే డాక్టరుకి చెప్పకుండా ఒక్కసారిగా మాన్పించవద్దు, అది ప్రాణం మీదికి రావచ్చు. ఇంకో మాట, ఆటోల వెనకా గోడల మీదా "తెలియకుండా అన్నంలో కలిపి అలవాటు మాన్పించబడును" అని రాసి ఉంటుంది చూశారా, ఆ పొడులు తేవద్దు. వాటిలో ఏం కలుపుతారో మనకు తెలియదు. మద్యం మాన్పించే మాత్ర ఒంట్లో ఉన్న మనిషి మద్యం తాగితే ఆసుపత్రి పాలు కావచ్చు. పైగా అమ్మ అన్నంలో ఏదో కలిపిందని తెలిసిన రోజు నుంచి వాడు ఇంట్లో తినడు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం.

పోలీసుల విషయం ముందు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపించారు అంటే కేసు ఉందో లేదో మీకే తెలియదు. ముందు అది కనుక్కోండి. ప్రతి స్టేషన్‌లో బాలల సంక్షేమ పోలీసు అధికారి అని ఒకరుంటారు, ఏఎస్ఐ స్థాయికి తగ్గకుండా, ఆయన్నే అడగండి. 2015 జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం 18 లోపు పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, పట్టుకుంటే 24 గంటల్లోగా జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి, తల్లిదండ్రులకు తెలియజేయాలి. చాలా ఘోరమైన నేరమో, పెద్దవాళ్లతో కలిసి చేశారన్న ఆరోపణో ఉంటే తప్ప ఎఫ్ఐఆర్ కూడా వేయరు, స్టేషన్ డైరీలో రాసి, వాడి ఇంటి పరిస్థితి మీద ఒక నివేదిక తయారుచేసి బోర్డుకి పంపుతారు. తెల్లకాగితం మీద మీ అక్కతో సంతకం పెట్టించుకోబోతే పెట్టవద్దనండి. పిల్లలకీ ఆడవాళ్లకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఇచ్చేది, ఫోన్ 15100.

బోర్డు అనగానే జనం కోర్టు అనుకుని వణికిపోతారు. అక్కడ ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరు మహిళ అయి తీరాలి. చిన్న నేరమైతే మందలించి, కౌన్సెలింగ్‌కి పంపి, ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఇంటికే పంపిస్తారు. సంస్థలో పెట్టడం చిట్టచివరి మార్గంగానే ఉండాలని చట్టంలోనే రాసి ఉంది. నిజంగా తప్పు చేసినట్టు తేలినా, ఆ కారణంగా రేపు ఉద్యోగానికి అనర్హుడు కాడు. 16 దాటినవాడిని ఘోర నేరంలో పెద్దవాడిగా విచారించిన సందర్భం ఒక్కటే దీనికి మినహాయింపు. వాడి పేరు, ఫోటో ఎక్కడా వేయకూడదు. ఈ మాట వాడికి మీరే చెప్పండి. "నా లైఫ్ అయిపోయింది, ఇంకేం చేస్తే ఏంటి" అనే మాట నేను విన్నన్నిసార్లు ఎవరూ విని ఉండరు. ఆ ఆలోచన వచ్చాకే పిల్లలు రెండో నేరం వైపు వెళ్తారు. అయిపోలేదని చట్టమే చెబుతోందని తెలిస్తే వాళ్ల ముఖం మారిపోవడం నేను కళ్లారా చూశాను.

రెండోది డబ్బు. మీ అక్క ఏం పని చేస్తున్నారో మీరు రాయలేదు కానీ ఒంటరిగా ఇల్లు నడిపే తల్లికి పొద్దున ఆరింటికి వెళ్తే రాత్రి ఎనిమిది. ఆ 14 గంటలు ఇంట్లో ఎవరున్నారు? జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి, డీసీపీయూ అంటారు, వెళ్లండి, జిల్లా సంక్షేమ అధికారి ఆఫీసులో అడిగితే చూపిస్తారు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద స్పాన్సర్‌షిప్ అని ఉంది, 18 వచ్చేదాకా పిల్లవాడికి నెలకు 4,000 రూపాయలు. భర్త చనిపోయిన, విడాకులు తీసుకున్న, వదిలేయబడిన తల్లుల పిల్లలు ఇందులోకి వస్తారు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. వాడి ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, చదువు కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకెళ్లండి. జిల్లా కమిటీ ఆమోదించాలి, బడ్జెట్ ఉండాలి, కాబట్టి వెంటనే రాదు. ఒకటికి నాలుగుసార్లు తిరగాల్సి వస్తుంది, మీరు తిరగండి, అక్కకి కూలి పోతుంది. అక్కడే కౌన్సెలర్, సామాజిక కార్యకర్త ఉంటారు, వాళ్ల పేరూ నంబరూ తీసుకోండి. 4,000 కంటే ఆ పరిచయం ఎక్కువ కాలం పనికొస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, 24 గంటలూ ఉంటుంది. ఒకప్పుడు స్వచ్ఛంద సంస్థల వాళ్లు నడిపేవాళ్లు, 2023 నుంచి ప్రభుత్వమే నడుపుతోంది. మత్తు గురించి మాట్లాడాలంటే 14446, మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ 14416, అక్కడ తెలుగులోనే మాట్లాడతారు. అర్ధరాత్రి మీ అక్క ఒంటరిగా ఏడుస్తూ కూర్చున్నప్పుడు కూడా ఆ నంబరు ఆవిడకి పనికొస్తుంది, అది పిల్లవాడి కోసం మాత్రమే కాదు. తెలంగాణలో 1908, ఆంధ్రప్రదేశ్‌లో 1972 కూడా ఉన్నాయి, అవి గంజాయి అమ్మేవాళ్ల గురించి సమాచారం ఇవ్వడానికి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. అమ్మేవాడి దగ్గరికి మీరు వెళ్లి గొడవపడకండి. పిల్లలకు మత్తు ఇచ్చినా, వాళ్లతో అమ్మించినా, మోయించినా ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా ఉంది. ఫోన్ చేసి చెప్పండి, మీ పని మీరు చూసుకోండి.

ఇప్పటిదాకా చెప్పినవి కాగితాలు, ఫోన్లు. ఇవన్నీ చేసినా ఫలితం రాని పిల్లల్ని చూశాను, వీటిలో సగమే చేసినా నిలదొక్కుకున్నవాళ్లనీ చూశాను. తేడా ఎక్కడుందంటే, నిలదొక్కుకున్న ప్రతి పిల్లవాడికీ ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో వాణ్ని వదిలిపెట్టని ఒక పెద్ద మనిషి ఉన్నాడు, పొద్దున లేవడానికి ఒక కారణం ఉంది.

ఒక అబ్బాయి సంగతి చెబుతాను. తండ్రి తాగుబోతు, వీడు 15 ఏళ్లకే గంజాయి, రెండుసార్లు బోర్డు ముందుకి వెళ్లాడు. బస్తీ చివర ఒక బైకు మెకానిక్ షెడ్ ఉండేది. ఆయన్ని నేనే బతిమాలాను, జీతం వద్దు, పొద్దున పూట రెండు గంటలు పక్కన నిలబడనివ్వండి, పని నేర్పించండి, మిగతా సమయం వాడు చదువుకోవాలి అని. ఆయన మొదట ఒప్పుకోలేదు, పానాలు ఎత్తుకుపోతాడన్నాడు. నాలుగు రోజుల తర్వాత సరే అన్నాడు. రెండు నెలలు గడిచాక, నన్ను అడగకుండానే, షెడ్ తాళంచెవి వాడి చేతికిచ్చాడు. "తొమ్మిదికి నువ్వే తెరువు, నాకు బీపీ, లేవలేకపోతున్నా" అన్నాడట. ఆయనకు బీపీ నిజంగానే ఉంది, కానీ తాళంచెవి అందుకు ఇవ్వలేదని మా ఇద్దరికీ తెలుసు. ఆ పిల్లవాడు దాన్ని మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు. రాత్రి ఎవరైనా పిలిస్తే "పొద్దున షెడ్ తెరవాలి" అని చెప్పేవాడు. మీరు చెప్పండి, ఏ కౌన్సెలర్ నేర్పగలదు ఆ మాట?

అలాగని ఆ రోజుతో అంతా సర్దుకుందనుకోకండి. బోనాల టైంలో మళ్లీ తాగాడు, నాలుగు రోజులు షెడ్‌కి రాలేదు. ఐదో రోజు మెకానిక్ వాళ్లింటి ముందుకు వెళ్లి హారన్ కొట్టాడు, ఏమీ అడగలేదు, బండెక్కించుకుని తీసుకెళ్లాడు. నేను మంగళవారం సాయంత్రాలు వెళ్లేదాన్ని. ఎదురుగా కూర్చుని "చెప్పు నాన్నా, ఎందుకిలా చేస్తున్నావు" అంటే ఒక్క మాట రాదు. అదే వాడు నేల మీద కూర్చుని చెయిన్‌కి ఆయిల్ పెడుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుని, నేనూ చెయిన్ వైపే చూస్తూ ఉంటే, పావుగంటకి వాడే మొదలుపెట్టేవాడు. తండ్రి తల్లిని కొట్టిన రాత్రి సంగతి అలాగే బయటికొచ్చింది, నా ముఖం చూడకుండా. ఈ వయసు మగపిల్లలు చేతుల్లో పని ఉన్నప్పుడే మాట్లాడతారు. కాబట్టి మీరూ వాడిని కూర్చోబెట్టి మాట్లాడకండి, వెంట పెట్టుకుని ఏదైనా పని చేయండి, అది మీ బండి కడగడమైనా సరే. వాడు తర్వాత ఓపెన్ స్కూల్లో పదో తరగతి పూర్తిచేశాడు. ఇప్పుడు సొంత షెడ్ ఉంది.

పని నేర్పించడం అన్నాను కదా అని ఏ పనిలో పడితే ఆ పనిలో పెట్టకండి. 18 లోపువాళ్లని ప్రమాదకరమైన పనుల్లో పెట్టడం నేరం, రాత్రి షిఫ్టులు అసలే వద్దు. చదువు దారి కూడా మూసుకుపోలేదు. రెండు సబ్జెక్టులే పోయాయి, సప్లిమెంటరీ కట్టించండి. బడి పేరెత్తితే ముఖం తిప్పుకుంటే తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది, 14 నిండితే చాలు. ఐటీఐలో ఎనిమిదో తరగతి పాసైనవాళ్లకూ కొన్ని ట్రేడులున్నాయి. ముందు మూడు నెలలు వాడి రోజు ఒక దారిలో పడనివ్వండి, పుస్తకం తర్వాత పెట్టండి, రెండూ ఒకేసారి మీద పడేస్తే రెండూ వదిలేస్తాడు.

ఈ పద్ధతి మన దగ్గర కొత్తదేం కాదు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు పనికి వెళ్లే పిల్లల్ని బళ్లోకి తెచ్చింది ఇలాగే. బడి మానేసిన పిల్లల్ని కొన్నాళ్లు ఉంచి తరగతికి సిద్ధం చేసే బ్రిడ్జి క్యాంపులు పెట్టారు నిజమే, కానీ ఇంటింటికీ తిరిగింది ఆ ఊరి కుర్రాళ్లే, యజమానితో మాట్లాడింది వాళ్లే, పిల్లవాడు మళ్లీ మానేస్తే వాకిట్లో నిలబడిందీ వాళ్లే. ఆ పనిని నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. నేను ఈ పనిలోకి వచ్చేనాటికి మాలాంటివాళ్లందరికీ అదే పాఠం.

మీ అక్క ఉండే వాడలో ఎవరున్నారో చూడండి. అంగన్‌వాడీ టీచర్, ఆశా వర్కర్‌కి ప్రతి ఇంటి సంగతీ తెలుసు. పాత బళ్లో వాడిని ఇష్టపడిన సారు ఒక్కరైనా ఉండి ఉంటారు. క్రికెట్ ఆడించే అన్న, జిమ్ కోచ్, చర్చి పాస్టర్, మసీదు పెద్ద, భజన మండలి ఎవరైనా సరే. ఒక్కరు చాలు, కానీ వారానికి రెండుసార్లు, తప్పకుండా, కనీసం ఏడాది. మొదటి నెల ఉత్సాహంగా రోజూ వచ్చి రెండో నెల మాయమయ్యే మనిషి కంటే అసలు రానివాడు నయం. ఇప్పటికే తండ్రి వెళ్లిపోయిన పిల్లవాడు వాడు, ఇంకొకరు కూడా వెళ్లిపోతే తట్టుకోలేడు.

కొట్టిన సంగతి. మీరు బాధపడుతున్నారు కాబట్టే రాశారు. వాడికి సారీ చెప్పండి, "కానీ నువ్వు చేసింది కూడా" అని తోక తగిలించకుండా. మేనమామ నోటి నుంచి ఆ మాట వినడం ఆ పిల్లవాడికి చాలా పెద్ద విషయం. అలాగని ఇంట్లో ఏం చేసినా ఊరుకోమనడం లేదు. రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఉండాలి, ఇంట్లో మత్తు ఉండకూడదు, అమ్మ డబ్బు ముట్టకూడదు, ఈ మూడు చాలు. మూడూ వాడితో మాట్లాడి పెట్టండి. తప్పితే ఏం జరుగుతుందో ముందే చెప్పి, చెప్పిందే చేయండి. ఇరవై నియమాలు పెడితే ఒక్కటీ నిలబడదు.

ఇది చదివే తల్లులు ఇంకొందరు ఉంటారు, ఆడపిల్లల గురించి ఒక్క మాట. అమ్మాయి దారి తప్పుతోందంటే మనవాళ్లకి వెంటనే తట్టేది పెళ్లి. ఫోన్ లాక్కుని, బడి మాన్పించి, 15 ఏళ్లకే సంబంధం చూస్తారు. మౌనంగా ఉండే అమ్మాయి, అన్నం మానేసే అమ్మాయి, చేతి మీద గీతలు పెట్టుకునే అమ్మాయి కూడా ఇబ్బందుల్లో ఉన్నట్టే, గొడవ చేయదు కాబట్టి ఎవరికీ కనిపించదు. ఆమెకీ 1098, డీసీపీయూ ఇవే దారులు. దీని మీద వేరేగా రాయాలి.

మీ విషయంలో వచ్చే వారం చేయాల్సింది, స్టేషన్‌లో కేసు ఉందో లేదో తెలుసుకోవడం, డీసీపీయూకి ఒకసారి వెళ్లడం, ఎంజీఎంలో ఒక్కసారి డాక్టరుకి చూపించడం. సెంటర్ వాళ్లకి అడ్వాన్స్ కట్టి ఉంటే అడిగి వెనక్కి తీసుకోండి. డీసీపీయూలో ఏమన్నారో ఇక్కడ రాయండి, కాగితాలు ఎక్కడైనా ఆగిపోతే ఏం చేయాలో చెబుతాను.

మీరు అంత వివరంగా రాసిన ప్రశ్నలో వాడు చేసిన తప్పులన్నీ ఉన్నాయి, వాడికి ఇష్టమైన పని ఒక్కటి కూడా లేదు. బొమ్మలు గీస్తాడా, ఫోన్లు విప్పి బిగిస్తాడా, వంట చేస్తాడా, పావురాలు పెంచుతాడా? అక్కని అడిగి కనుక్కుని రాయండి, ఎవరి దగ్గర పెట్టాలన్నది అప్పుడు ఆలోచిద్దాం.